వెనక్కి దారి ఉందా? అన్వేక ప్రమేయాన్ని గుర్తుపట్టి విలోమం కనుక్కోవడం ఎలా

మనసులో ఒక సంఖ్య అనుకోండి. దాన్ని రెట్టింపు చేసి, 10 కలిపి, ఎంత వచ్చిందో చెప్పండి. మీరు 36 అన్నారనుకుందాం. అయితే మీరు అనుకున్నది 13. ముప్పై ఆరులోంచి 10 తీసేస్తే 26, అందులో సగం 13. ఇంతకంటే ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో ఆట. ఒక సంఖ్య అనుకుని, దాన్ని దానితోనే గుణించి చెప్పండి. ఈసారి మీరు 49 అన్నారు. ఇక్కడ నేను ఆగిపోతాను. మీరు అనుకున్నది 7 కావచ్చు, −7 కూడా కావచ్చు. లెక్కల్లో ఎంత దిట్ట అయినా ఇక్కడ ఆగాల్సిందే. ప్లస్సా మైనస్సా అన్న సంగతి గుణకారంలోనే పోయింది, దాన్ని 49లోంచి బయటికి తీయలేం.

మూడో ఆట కూడా ఆడండి. ఒక సంఖ్య అనుకోండి, రెట్టింపు చేయండి, 10 కలపండి, సగం చేయండి, మొదట అనుకున్న సంఖ్యను తీసేయండి. మీ జవాబు 5. ఎవరు ఏ సంఖ్య అనుకున్నా 5 వస్తుంది. పిల్లలు దీన్ని గారడీ అనుకుని మురిసిపోతారు. కానీ ఆ 5ని బట్టి మీరు అనుకున్న సంఖ్య ఏమిటో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

మొదటి ఆటలో వెనక్కి ఒకే ఒక్క దారి ఉంది. అలాంటి ప్రమేయాన్ని అన్వేక ప్రమేయం అంటాం. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి ఇది వన్-వన్ ఫంక్షన్. ఆ వెనక్కి దారి పేరు విలోమ ప్రమేయం, అంటే ఇన్వర్స్. విలోమం కనుక్కోవడానికి చాలామంది గుర్తుపెట్టుకునేది ఒక్క ముక్క: ఎక్స్, వై తారుమారు చేసి వై కోసం సాధించు. ఆ ముక్కలో తప్పు లేదు. కానీ దారి ఉందో లేదో చూడకుండా నడక మొదలుపెట్టమని చెబుతున్నట్టు ఉంటుంది అది. ఈ పాఠంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. అందుకే కింద చెప్పే పద్ధతిలో సగం పని ఆ తారుమారు కంటే ముందే అయిపోతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

ప్రమేయం అంటే ఒక నియమం. ఒక సంఖ్య లోపలికి ఇస్తే ఒకే ఒక్క సంఖ్య బయటికి వస్తుంది. లోపలికి ఇచ్చేదాన్ని ఎక్స్ అని, బయటికి వచ్చేదాన్ని వై అని పిలుద్దాం. నియమం పేరు ఎఫ్ అయితే వై = ఎఫ్(ఎక్స్) అని రాస్తాం. ఇలా ఎఫ్ పక్కన బ్రాకెట్ పెట్టి రాసే అలవాటు లియొనార్డ్ ఆయిలర్ 1734లో రాసిన ఒక వ్యాసం నుంచి వచ్చింది. లోపలికి ఇవ్వడానికి అనుమతి ఉన్న సంఖ్యలన్నీ కలిసి ప్రదేశం. నిజంగా బయటికి వచ్చే సంఖ్యలన్నీ కలిసి వ్యాప్తి.

ఒకే ఎక్స్‌కి రెండు వైలు ఉంటే అది అసలు ప్రమేయమే కాదు. రెండు వేర్వేరు ఎక్స్‌లకి ఒకే వై వస్తే అది ప్రమేయమే, కానీ అన్వేకం కాదు. పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. అన్వేకమా అని అడిగితే "ప్రతి ఎక్స్‌కీ ఒకే వై ఉంది కాబట్టి అన్వేకం" అని రాసేస్తారు. అది ప్రమేయం నిర్వచనమే తప్ప అన్వేకానికి రుజువు కాదు. మీరు చూడాల్సింది బయటి వైపు నుంచి: ఒక వైని వేలితో చూపిస్తే, అది ఏ ఎక్స్ నుంచి వచ్చిందో తడుముకోకుండా చెప్పగలరా?

మొదటి పని: ప్రదేశం రాసుకోండి

ఎక్స్² అన్వేకమా? ఈ ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్న పూర్తిగా అడగలేదు. వాస్తవ సంఖ్యలన్నిటి మీదా అయితే కాదు. సున్నా, అంతకంటే పెద్ద సంఖ్యల మీద మాత్రమే అయితే అవును. సూత్రం ఒకటే, ప్రదేశం మారితే ప్రమేయం మారిపోతుంది. కాబట్టి లెక్క మొదలుపెట్టగానే పక్కన ప్రదేశం రాసుకోండి. ప్రశ్నలో ఇవ్వకపోతే మీరే చూసుకోండి: హారం సున్నా అయ్యే చోటు తీసేయాలి, వర్గమూలం లోపల రుణ సంఖ్య వచ్చే చోట్లు తీసేయాలి, సంవర్గమానం (లాగ్) లోపల సున్నా గానీ రుణ సంఖ్య గానీ వచ్చే చోట్లు తీసేయాలి.

రెండో పని: ఢీకొనే జత కోసం వెతకండి

అన్వేకం కాదని చూపడానికి ఒక్క జత చాలు. వేర్వేరు ఎక్స్‌లు రెండు, రెండిటికీ ఒకే వై. అందుకే రుజువు కోసం బయల్దేరే ముందు ఒక నిమిషం ఈ జత కోసం వెతకండి. మొదట ఒక సంఖ్యని, దాని రుణాన్ని వేసి చూడండి. ఎక్స్² ఇక్కడే పడిపోతుంది, పరమమూల్యం |ఎక్స్| కూడా ఇక్కడే పడిపోతుంది. తర్వాత 0, 1, −1 వేసి చూడండి.

ఈ చిన్న సంఖ్యలే ఒక పెద్ద భ్రమని పోగొడతాయి. బేసి ఘాతం ఉంటే అన్వేకం అని చాలామంది నమ్ముతారు. ఎక్స్³ − ఎక్స్ తీసుకోండి. 0 ఇస్తే 0. 1 ఇస్తే 1 − 1, మళ్ళీ 0. −1 ఇచ్చినా 0. మూడు ఎక్స్‌లు ఒకే చోట కలిశాయి. ఎక్స్³ ఒక్కటే అయితే అన్వేకమే, కానీ పక్కన ఇంకో పదం చేరగానే కథ మారవచ్చు.

గ్రాఫ్ ఉంటే వెతకడం తేలిక. ఎక్స్ అక్షానికి సమాంతరంగా ఒక అడ్డుగీత ఊహించుకుని, దాన్ని కింది నుంచి పైకి జరపండి. ఎక్కడైనా ఆ గీత గ్రాఫ్‌ని రెండు చోట్ల తాకిందంటే అన్వేకం కాదు. నిలువు గీతతో చేసే పరీక్ష వేరు, అది ప్రమేయమా కాదా అని చెబుతుంది.

అడ్డుగీత పరీక్ష నాకు చాలా ఇష్టం, కానీ దాన్ని పూర్తిగా నమ్మను. ఎక్స్³ − 0.01ఎక్స్ గ్రాఫ్‌ని ఫోన్లో గీయించి చూడండి. మామూలు సైజులో అది అచ్చం ఎక్స్³ లాగే, నిరంతరం పైకి పోతున్నట్టే కనిపిస్తుంది. కానీ 0.1 వేస్తే 0.001 − 0.001, అంటే 0. సున్నా వేసినా 0. సున్నా దగ్గర బాగా జూమ్ చేస్తే గానీ ఆ చిన్న మెలిక కంటికి కనబడదు. గ్రాఫ్ అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది. తీర్పు చెప్పడానికి బీజగణితం కావాలి.

మూడో పని: జత దొరకకపోతే, దొరకదని నిరూపించండి

పది సంఖ్యలు వేసి చూసి, ఏవీ ఢీకొనలేదు కాబట్టి అన్వేకం అంటే కుదరదు. పదకొండోది ఢీకొనవచ్చు. ఇక్కడ చేయాల్సింది ఇదీ: పి, క్యు అనే రెండు సంఖ్యలకి ఒకే విలువ వచ్చిందని అనుకోండి, అంటే ఎఫ్(పి) = ఎఫ్(క్యు) అని రాయండి. దాని నుంచి పి = క్యు తప్ప ఇంకో దారి లేదని చూపండి.

తేలికైనది: 3ఎక్స్ − 7. ఇక్కడ 3పి − 7 = 3క్యు − 7. రెండు వైపులా 7 కలిపి, 3తో భాగిస్తే పి = క్యు. అయిపోయింది.

భిన్నం రూపం కొంచెం ఓపిక అడుగుతుంది. ఎఫ్(ఎక్స్) = (2ఎక్స్ + 3) / (ఎక్స్ − 4) తీసుకుందాం, ఎక్స్ 4 కాకూడదు. ఎఫ్(పి) = ఎఫ్(క్యు) అని రాసి అడ్డగుణకారం చేస్తే

(2పి + 3)(క్యు − 4) = (2క్యు + 3)(పి − 4)

విప్పితే ఎడమ వైపు 2పిక్యు − 8పి + 3క్యు − 12, కుడి వైపు 2పిక్యు − 8క్యు + 3పి − 12. రెండు వైపులా ఉన్న 2పిక్యు, −12 పోతాయి. మిగిలేది −8పి + 3క్యు = −8క్యు + 3పి, అంటే 11క్యు = 11పి. కాబట్టి పి = క్యు. అన్వేకమే.

ఇప్పుడు ఎక్స్³ + ఎక్స్ చూడండి. పి³ + పి = క్యు³ + క్యు. అన్నీ ఒక వైపు తెచ్చి కారణాంకాలు చేస్తే

(పి − క్యు)(పి² + పిక్యు + క్యు² + 1) = 0

ఒక లబ్ధం సున్నా అంటే రెండిట్లో ఏదో ఒకటి సున్నా కావాలి. రెండో బ్రాకెట్ సున్నా అవుతుందా? పి² + పిక్యు + క్యు² అనేది (పి + క్యు/2)² + (3/4)క్యు² తో సమానం. వర్గాల మొత్తం కాబట్టి అది ఎప్పుడూ రుణం కాదు. దానికి 1 కలిపితే ఎప్పుడూ కనీసం 1. కాబట్టి సున్నా అయ్యేది మొదటి బ్రాకెట్టే, పి = క్యు. ఇదే పని ఎక్స్³ − ఎక్స్ మీద చేస్తే చివర +1 బదులు −1 వస్తుంది, రెండో బ్రాకెట్ సున్నా కావడానికి సందు దొరుకుతుంది. ఒక్క గుర్తు మారినందుకు ఇంత తేడా.

ఇక్కడ జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. పి² = క్యు² వరకు వచ్చి, రెండు వైపులా వర్గమూలం తీసి పి = క్యు అని రాసేయడం. పి² = క్యు² నుంచి వచ్చేది పి = క్యు లేదా పి = −క్యు. ఆ రెండోదాన్ని కొట్టేయాలంటే ప్రదేశం నుంచి ఒక కారణం చూపాలి: "పి, క్యు రెండూ రుణం కావు కాబట్టి" లాంటిది. మొదటి పనిలో ప్రదేశం రాసుకోమన్నది ఇందుకే.

అవకలనం వచ్చినవాళ్ళకి ఇంకో దారి ఉంది. ప్రదేశం ఒకే ముక్కగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండి, అవకలజం అంతటా ధనాత్మకమైతే ప్రమేయం పెరుగుతూనే పోతుంది, కాబట్టి ఏ రెండు ఎక్స్‌లకీ ఒకే విలువ రాదు. ఎక్స్³ + ఎక్స్‌కి అవకలజం 3ఎక్స్² + 1, ఒక్క లైన్లో తేలిపోతుంది. కానీ "ఒకే ముక్కగా" అన్న షరతుని వదిలేయకండి. టాన్ ప్రమేయం ప్రతి ముక్కలోనూ పెరుగుతూనే ఉంటుంది. అయినా ప్రతి 180 డిగ్రీలకీ అవే విలువలు మళ్ళీ వస్తాయి.

నాలుగో పని: దారి చీలితే ప్రదేశాన్ని కోయండి

అన్వేకం కాదని తేలితే విలోమం లేదని రాసి వదిలేయొచ్చు. చాలాసార్లు అడిగేది కూడా అంతే. కానీ గణితంలో మనం రోజూ వాడే విలోమాలు చాలావరకు ఇలా ప్రదేశాన్ని కోసి సంపాదించుకున్నవే. వర్గమూలం అంటే ఏమిటి? ఎక్స్² ని సున్నా నుంచి పైకి మాత్రమే ఉంచి, దానికి తీసిన విలోమం.

ఎక్స్² − 6ఎక్స్ + 11 తీసుకుందాం. ముందు పూర్ణవర్గం చేయాలి: (ఎక్స్ − 3)² + 2. ఈ రూపంలోకి తేగానే గ్రాఫ్ ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలిసిపోతుంది. ఎక్స్ = 3 దగ్గర అది అడుగుకి వస్తుంది, అక్కడ విలువ 2. 3కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న సంఖ్యలు ఢీకొంటాయి: 5 ఇస్తే 6, 1 ఇచ్చినా 6. కోత ఎక్కడ పెట్టాలో ఇప్పుడు స్పష్టం, సరిగ్గా మలుపు దగ్గర. 3, అంతకంటే పెద్ద సంఖ్యలు మాత్రమే ఉంచుకోండి. లేదా 3, అంతకంటే చిన్నవి ఉంచుకోండి. ఏ సగమైనా ఫర్వాలేదు, కానీ ఏది ఉంచుకున్నారో రాయాలి, ఎందుకంటే విలోమం దాన్ని బట్టే మారుతుంది.

కుడి సగం ఉంచుకున్నాం అనుకోండి. వై = (ఎక్స్ − 3)² + 2 నుంచి (ఎక్స్ − 3)² = వై − 2. వర్గమూలం తీస్తే ఎక్స్ − 3 అనేది +√(వై − 2) కావచ్చు, −√(వై − 2) కావచ్చు. మనం ఉంచుకున్న సగంలో ఎక్స్ − 3 రుణం కాదు, కాబట్టి ప్లస్. ఎక్స్ = 3 + √(వై − 2). వై = 6 వేస్తే 3 + 2 = 5. ఎడమ సగం ఉంచుకుని ఉంటే ఎక్స్ = 3 − √(వై − 2), వై = 6కి జవాబు 1. రెండిటినీ కలిపి ± పెట్టి రాస్తే అది ప్రమేయం కాదు, ఒక వైకి రెండు జవాబులు వస్తున్నాయి కదా. ఈ ± అలా వదిలేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఏదో ఒక గుర్తు ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో ఒక ముక్క రాయండి.

సైన్ సంగతి కూడా ఇంతే. సైన్ 30° విలువ 0.5, సైన్ 150° విలువ కూడా 0.5. క్యాలిక్యులేటర్‌లో సైన్ 150 నొక్కి, వచ్చిన 0.5కి విలోమ సైన్ నొక్కండి. 150 రాదు, 30 వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మిషన్ పాడైందేమో అనిపిస్తుంది. అది సరిగ్గానే చెప్పింది. సైన్‌ని −90° నుంచి 90° వరకు కోసి విలోమం తీశారు. 150° ఆ ముక్కలో లేదు. కొసైన్‌కి అదే ముక్క పనికిరాదు, అక్కడ 60°, −60° ఢీకొంటాయి. అందుకని దాన్ని 0° నుంచి 180° వరకు కోశారు.

ఐదో పని: వెనక్కి నడవండి

ఇక విలోమం తీయడం. ఎక్స్ ఒక్కచోటే కనిపించే సూత్రమైతే, బీజగణితం కంటే ముందు మామూలు మాటల్లో చెప్పుకోండి. వై = (2ఎక్స్ + 5)³ లో ఎక్స్‌కి ఏం జరిగింది? 2తో గుణించారు, 5 కలిపారు, ఘనం చేశారు. వెనక్కి రావాలంటే ఘనమూలం తీయాలి, 5 తీసేయాలి, 2తో భాగించాలి. ప్రతి పనికీ ఎదురు పని, క్రమం తిరగేసి. పెట్టెలో పెట్టె పెట్టి సర్దితే, తీసేటప్పుడు అన్నిటికంటే చివర మూసిన పెట్టెనే మొదట తెరుస్తాం కదా, అలాగన్నమాట. ఎక్స్ = (∛వై − 5) / 2. ఎక్స్ = 1 వేస్తే వై = 7³ = 343. వెనక్కి: ఘనమూలం 7, ఐదు తీస్తే 2, సగం 1.

సెల్సియస్‌ని ఫారెన్‌హీట్‌కి మార్చేటప్పుడు 1.8తో గుణించి 32 కలుపుతాం. వెనక్కి మార్చేటప్పుడు ముందు 32 తీసి, తర్వాత 1.8తో భాగించాలి. 98.6 లోంచి 32 తీస్తే 66.6, భాగిస్తే 37. క్రమం తిరగేయకుండా ముందే భాగిస్తే దాదాపు 54.8, అందులోంచి 32 తీస్తే 22.8. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి అలా ఉండదు.

ఎక్స్ రెండు చోట్ల ఉంటే ఈ మాటల పద్ధతి చాలదు. ఇందాకటి భిన్నానికే వద్దాం: వై = (2ఎక్స్ + 3) / (ఎక్స్ − 4). హారాన్ని అటు తీసుకెళ్తే వై·ఎక్స్ − 4వై = 2ఎక్స్ + 3. ఇప్పుడు ఎక్స్ ఉన్న పదాలన్నీ ఒక వైపు, మిగతావి ఇంకో వైపు: వై·ఎక్స్ − 2ఎక్స్ = 4వై + 3. ఎడమ వైపు ఎక్స్‌ని ఉమ్మడిగా బయటికి తీయాలి: ఎక్స్(వై − 2) = 4వై + 3. చాలామంది చిక్కుకుపోయేది ఈ ఒక్క లైన్ దగ్గరే. ఇది దాటితే ఎక్స్ = (4వై + 3) / (వై − 2). ఎక్స్ = 5 వేసి చూడండి: 13/1 = 13. వెనక్కి: (52 + 3)/11 = 5.

వై 2 కాకూడదని ఇప్పుడు దానంతట అదే బయటపడింది. అంటే అసలు ప్రమేయం ఎప్పటికీ 2 అనే విలువని ఇవ్వదు. విలోమం కనుక్కుంటే వ్యాప్తి ఉచితంగా దొరుకుతుంది అనడానికి ఇది మంచి ఉదాహరణ. విలోమం ప్రదేశం అసలుదాని వ్యాప్తి, విలోమం వ్యాప్తి అసలుదాని ప్రదేశం. పుస్తకాలు విలోమం ఉండాలంటే ప్రమేయం అన్వేకం మాత్రమే కాక సంగ్రస్తం (గమ్యంలోని ప్రతి సంఖ్యనీ చేరేది) కూడా కావాలని, రెండూ కలిస్తే ద్విగుణ ప్రమేయమని చెప్పేది ఈ సంగతే. వెళ్ళే గమ్యంలో ఎవరూ చేరని సంఖ్య మిగిలిపోతే, దాని నుంచి వెనక్కి ఎక్కడికి రావాలి? గమ్యంగా వ్యాప్తిని మాత్రమే పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

దీన్ని మర్చిపోతే ఏమవుతుందో వర్గమూలం చూపిస్తుంది. వై = √(ఎక్స్ + 3). వర్గం చేసి 3 తీస్తే ఎక్స్ = వై² − 3. ఇంత తేలిగ్గా వచ్చిందని ఇక్కడే ఆపేస్తారు. కానీ ఈ సూత్రంలో వై = −2 వేస్తే 1 వస్తుంది, 1ని అసలు ప్రమేయానికి ఇస్తే 2 వస్తుంది, −2 కాదు. వర్గమూలం ఎప్పుడూ రుణ విలువ ఇవ్వదు కాబట్టి, విలోమం పక్కన "వై ≥ 0" అని రాస్తేనే జవాబు పూర్తి.

ఎక్స్ ఘాతంలో ఉంటే సంవర్గమానం కావాలి. వై = 2^ఎక్స్ + 3 అయితే 3 తీసేసి, 2 ఆధారంగా లాగ్ తీయండి: ఎక్స్ = లాగ్₂(వై − 3), వై 3 కంటే పెద్దది. ఎక్స్ = 4 వేస్తే 19, వెనక్కి 16, దాని లాగ్ 4. జాన్ నేపియర్ 1614లో సంవర్గమానాలని ప్రపంచానికి ఇచ్చింది పెద్ద గుణకారాలు తేలిక చేయడానికి. అవి ఘాతానికి విలోమం అని సూటిగా నిర్వచించి చూపింది ఆయిలర్, 1748లో. మనం ఇవాళ పాఠంలో మొదటి లైన్లో చదివేది అంత ఆలస్యంగా స్థిరపడింది.

అక్షరాలు తారుమారు చేయాలా?

ఇప్పటిదాకా నేను ఎక్స్, వై తారుమారు చేయలేదు, ఎక్స్ కోసం సాధించానంతే. విలోమం అక్కడికే వచ్చేసింది. లోపలికి ఇచ్చేదాన్ని ఎక్స్ అని రాయడం అలవాటు కాబట్టి, చివరగా పేర్లు మారుస్తాం: ఎఫ్⁻¹(ఎక్స్) = (4ఎక్స్ + 3) / (ఎక్స్ − 2). ఒకే కాగితం మీద రెండు గ్రాఫులూ గీయాలంటే ఇది అవసరం. అప్పుడు వై = ఎక్స్ అనే ఏటవాలు గీతకి అటూ ఇటూ అవి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. కానీ అక్షరాలకి సొంత అర్థం ఉన్నప్పుడు ఈ మార్పిడి చేయకండి. సెల్సియస్‌కి, ఫారెన్‌హీట్‌కి పేర్లు మార్చుకుంటే ఏది ఏమిటో మీకే తెలీకుండా పోతుంది.

ఆ −1 గుర్తు గురించి కూడా ఒక మాట. అది ఘాతం కాదు. ఎఫ్(ఎక్స్) = 2ఎక్స్ అయితే ఎఫ్⁻¹(ఎక్స్) అంటే ఎక్స్/2. 1/(2ఎక్స్) వేరే వస్తువు, దాన్ని వ్యుత్క్రమం అంటాం. విలోమ సైన్‌ని −1 పెట్టి రాసే పద్ధతిని జాన్ హెర్షెల్ 1813లో ప్రతిపాదించారు. ప్రమేయాన్ని రెండుసార్లు వాడితే పైన 2 రాసినట్టే, ఒకసారి వెనక్కి వెళ్తే −1 రాయాలన్నది ఆయన ఆలోచన. చక్కటి ఆలోచనే. చిక్కల్లా ఏమిటంటే, సైన్² ఎక్స్ అంటే మనం సైన్ విలువకి వర్గం అని చదువుతాం, సైన్⁻¹ ఎక్స్ అంటే మాత్రం విలోమం అని చదువుతాం. పిల్లలు ఇక్కడ తడబడితే తప్పు వాళ్ళది కాదు, గుర్తులదే.

సరిచూసుకోవడం

ఒక సంఖ్య వేసి చూడటం మంచిదే, కానీ తెలివిగా ఎంచుకోండి. 0, 1 వేస్తే తప్పు జవాబు కూడా ఒక్కోసారి సరిపోతుంది. 5 లాంటివి వేయండి. పూర్తి రుజువు కావాలంటే రెండు వైపులా చూడాలి: ఎఫ్⁻¹(ఎఫ్(ఎక్స్)) = ఎక్స్ అవ్వాలి, ఎఫ్(ఎఫ్⁻¹(ఎక్స్)) = ఎక్స్ కూడా అవ్వాలి. ఒక్క వైపు చాలదా అంటే, చాలదు. ఇందాకటి వర్గమూలంలో షరతు వదిలేసినప్పుడు ముందుకెళ్ళి వెనక్కి వస్తే అంతా సరిగ్గానే ఉంది. వెనక్కెళ్ళి ముందుకొస్తేనే −2 కాస్తా 2 అయింది.

సాధన కోసం (3ఎక్స్ + 5) / (ఎక్స్ − 3) విలోమం మీరే కనుక్కోండి. చివరికి వచ్చేది మళ్ళీ అదే ప్రమేయం. తప్పు చేశామని కొట్టేయకండి. 1/ఎక్స్, 10 − ఎక్స్ లాగే ఇది తనకి తానే విలోమం, రెండుసార్లు వాడితే బయల్దేరిన చోటికే చేరుస్తుంది.

సూత్రం దొరకనప్పుడు

వై = ఎక్స్⁵ + ఎక్స్ అన్వేకమే. ఎక్స్ పెరిగితే రెండు పదాలూ పెరుగుతాయి. కాబట్టి విలోమం ఉంది. అయినా ఎక్స్ కోసం సాధించబోతే ముందుకి సాగదు. అది మీ లోపం కాదు. ఐదో ఘాత సమీకరణాలన్నిటికీ పనికొచ్చేలా, కూడికలు, తీసివేతలు, గుణకార భాగహారాలు, మూలాలు మాత్రమే వాడి ఒక సాధారణ సూత్రం రాయడం అసాధ్యమని నీల్స్ హెన్రిక్ ఆబెల్ 1824లో నిరూపించారు. ఈ ఎక్స్⁵ + ఎక్స్ = వై కూడా ఆ సూత్రాలకి లొంగని వాటిలో ఒకటి.

విలోమం ఉండటం వేరు, దాన్ని సూత్రంగా రాయగలగడం వేరు. సూత్రం లేకపోయినా విలువలు కనుక్కోవచ్చు. ఎఫ్⁻¹(34) అడిగితే, "ఏ ఎక్స్‌కి 34 వస్తుంది?" అని తిప్పి అడగండి. 2⁵ + 2 = 34, జవాబు 2. ఇంకోటి ఉంటుందేమోనని వెతకనక్కర్లేదు, అన్వేకం కాబట్టి ఇదొక్కటే. ఎఫ్⁻¹(10) అంత తేలిగ్గా తేలదు. 1 వేస్తే 2, 2 వేస్తే 34, కాబట్టి జవాబు ఆ మధ్యలో ఉంది. 1.5 వేస్తే దాదాపు 9.09, తక్కువైంది. 1.54 వేస్తే దాదాపు 10.20, ఎక్కువైంది. 1.53 వేస్తే దాదాపు 9.91. అంటే 1.53కి, 1.54కి మధ్య. ఇంకో దశాంశ స్థానం కావాలంటే ఆ రెండిటి మధ్య 1.535 వేసి మళ్ళీ చూడండి.